ఇండ్లు కూలగొట్టబడును

మా వీధి మలుపులో, పాలకేంద్రం పక్క గోడ మీద నీలిరంగుతో రాసిన రెండు ప్రకటనలున్నాయి. "పాత ఇండ్లు కూలగొట్టబడును, పాత కర్ర కొనబడును" అని ఒకటి. "ఇండ్లు కట్టించి ఇవ్వబడును" అని ఇంకొకటి. రెండూ ఒకే చేతిరాత, ఒకే డబ్బాలో రంగు. ఫోన్ నంబర్లే వేరు. హనుమకొండలో ఇప్పుడు ఏ గోడ చూసినా ఇదే వరస. పొద్దున పాలకు పోతూ వాటిని చదవడం నాకొక అలవాటైపోయింది. కూలగొట్టేవాడి రాత కట్టేవాడి రాత కన్నా కాస్త పెద్దగా ఉందని ఒకరోజు గమనిస్తాను. ఇంకోరోజు ఆ 'బడును' దగ్గర చూపు ఆగిపోతుంది. ఎవరు కూలగొడతారో చెప్పకుండా తప్పించుకుపోయే క్రియ అది. సర్కారు నోటీసులకీ గోడరాతలకీ ఎంత చక్కగా అమరిందో! ఇల్లు దానంతటదే కూలుతుంది, మనిషి పక్కన నిలబడి చూస్తాడు, అంతే అన్నట్టు.

ఈమధ్య మా అన్న కూతురు, పదో తరగతి, ఇంగ్లీషు గైడు పట్టుకుని వచ్చింది. డిస్ట్రక్షన్, డిమాలిషన్, డ్యామేజ్, రూయిన్, డెవాస్టేషన్. అన్నిటికీ ఎదురుగా ఒక్కటే తెలుగు, 'నాశనము'. "అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు బాబాయ్?" అంది. ఏది రాసినా మార్కు వస్తుందని తెలిశాక పిల్ల ఊరుకుంది. నేనే ఊరుకోలేకపోయాను. వరంగల్‌లో ఉంటూ ఈ ప్రశ్నకి నిఘంటువు తెరవాలా? ఏడువందల ఏళ్ళ కింద పడగొట్టిందీ, పని గట్టుకుని విప్పి మళ్ళీ నిలబెట్టిందీ, మూతపడి పాడుబడి ప్లాట్లయిందీ, చూస్తుండగానే నేలమట్టమైందీ, అన్నీ ఆటో మాట్లాడుకుని ఒక పూట తిరిగితే కనబడే ఊరు ఇది. గైడు రాసినాయన ఒకసారి మా ఊరు వచ్చి ఉంటే అయిదు మాటలకీ అయిదు చిరునామాలు దొరికేవి.

మా ఇంటికి కాస్త అవతల ఒక పాత పెంకుటిల్లు ఉండేది. వారసులు ఎక్కువయ్యారు. పంచుకోవడానికి ఇంటి కన్నా ఖాళీ జాగా సుఖం. కూలగొట్టే మేస్త్రి నర్సంపేట వైపు మనిషి. జేసీబీ వస్తుందేమో, దుమ్మొస్తుంది కిటికీలు మూసుకుందాం అని చూస్తే రాలేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, గడ్డపారలు, ఒక సుత్తె, తాళ్ళు. ముందు గూనపెంక దించి, ఒకదానికొకటి ఆనించి నిలువుగా పేర్చారు. తర్వాత వాసాలు, ఆ తర్వాత దంతెలు, చివరికి దూలం. దూలం దించిన రోజు వీధంతా నిలబడి చూసింది. టేకు కర్ర, ఇన్నేళ్ళ పొగకి నల్లబడి, గొడ్డలి తగిలిన చోట మాత్రం లోపల తేనెరంగులో మెరిసింది. జేసీబీ ఎందుకు పెట్టలేదని మేస్త్రిని అడిగాను. "జేసీబీ పెడితె ఒక్క పూట పని సారు. కని కర్ర దక్కది. కట్టినోడు ఏది ఆఖర్ల పెట్టిండో అది మనం మొదాలు తియ్యాలె. ఉల్టా పోవాలె" అన్నాడు. తీసిన ప్రతి దర్వాజ మీదా, దాని రెక్కల మీదా బొగ్గుతో గీతలు గీస్తున్నాడు. ఒకదానికి ఒక గీత, ఇంకోదానికి రెండు, పక్కదానికి మూడు. ఇవెందుకంటే నా మొహం చూసి నవ్వాడు. "జోడు తప్పితె అది దర్వాజ కాదు సారు, కట్టెలు. కట్టెలకు కిలో లెక్క పైసలు, దర్వాజకు దర్వాజ లెక్క."

ఆ మాట నన్ను వదలలేదు. కర్ర అదే, మేకులు అవే, చెక్కిన లతా అదే. గీత చెరిగిపోతే దర్వాజ పోయినట్టే. పోయేది వస్తువు కాదా అయితే? ఏది దేని పక్కన ఉండాలో చెప్పే తెలివిడి ఒకటి ఉంటుంది. అది పోవడాన్నే మనం నాశనం అంటున్నామా? ఇది మరీ మేస్త్రి లెక్క, వ్యాపారం లెక్క అని కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ వేయిస్తంభాల గుడిలో జరిగింది కూడా ఇదే కదా అని గుర్తొచ్చింది.

1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ మూడు గర్భగుళ్ళు, ఎదురుగా నల్లరాతి నంది, నందికి ఆవల కల్యాణమండపం. మండపం పునాది కుంగి, స్తంభాలు ఒరిగి, ఎప్పుడు ఏది మీద పడుతుందోనన్నట్టు ఉండేది. 2006 ప్రాంతంలో పురావస్తు శాఖవాళ్ళు దాన్ని మొత్తం విప్పేశారు. ఒక్కొక్క రాయికీ నంబరు వేసి, ఆవరణలో పరిచారు. అక్కడితో పని నత్తనడక పట్టింది. ఏళ్ళు గడిచాయి. ఎండకీ వానకీ ఆ రాళ్ళ మీద గడ్డి మొలిచింది, పిల్లలు ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకి దూకి ఆడుకున్నారు, పెళ్ళివాళ్ళు వాటి మీద కూర్చుని ఫొటోలు దిగారు. కార్తీకంలో దీపాలు పెట్టడానికి పోయినప్పుడు, బయటి ఊరివాళ్ళు ఆ రాళ్ళని చూపించి, "దీన్ని కూడా తురకలే పడగొట్టిన్రా?" అని అడగడం నా చెవులతో విన్నాను. కాదు, మనవాళ్ళే విప్పి పెట్టారని చెబితే ఎవరూ నమ్మినట్టు కనబడలేదు. నమ్మరు కూడా. కళ్ళకి కనబడేది కూల్చిన చోటా విప్పిన చోటా ఒకటే, నేల మీద పడి ఉన్న చెక్కిన రాళ్ళు. తేడా అంతా తెల్లరంగుతో వేసిన ఆ అంకెల్లో ఉంది. ఆ అంకెలు చెరిగిపోయినా, అవి రాసి పెట్టుకున్న కాగితం ఏ బీరువాలోనో చెదలు తినేసినా, మండపం ఆ రోజే కూలినట్టు లెక్క. ఎవరూ సుత్తె ఎత్తనక్కర్లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కాస్త భయమే.

అదృష్టం, చెరగలేదు. పునాది గోతిని మళ్ళీ కాకతీయుల పద్ధతిలోనే ఇసుకతో నింపి, పైన రాయి మీద రాయి పేర్చుకుంటూ వచ్చారు. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు మండపం తెరిచారు. ఆ జనంలో నేనూ ఉన్నాను. విరిగినవాటి బదులు పెట్టిన కొత్తరాళ్ళు పాతవాటి మధ్య లేతగా, బిడియంగా నిలబడ్డాయి. స్తంభాలన్నీ నిటారుగా ఉన్నాయి. అంతా బాగుంది. అయినా ఏదో వెలితి. చిన్నప్పుడు నేను చూసిన మండపం ఒరిగి ఉండేది. అడుగు పెడితే నేల ఎత్తుపల్లాలు అరికాలికి తెలిసేవి. ఆ ఒరుగు కాకతీయులు కట్టింది కాదు, కాలం కట్టింది. దాన్ని ఎవరూ నంబరు వేసి దాచలేదు. దాచే వీలూ లేదు. మరి అది పోయినట్టా, బాగుపడినట్టా? ముసలాయనకి పళ్ళు కట్టిస్తే బోసినవ్వు పోయిందని మనవడు ఏడ్చినట్టుంది నా బాధ అని మా ఆవిడ తేల్చేసింది. అయి ఉండొచ్చు.

ఇలా విప్పి కట్టడం మనకేం కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తీసుకొచ్చి నిలబెట్టారు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోటు మీద పేరు పెట్టుకున్న గుడి, ఇప్పుడు సంగమం లేకుండా సంగమేశ్వరం. గుడి బతికింది, చోటు మునిగింది. జపాన్‌లో ఇసే అనే చోట గుడినైతే ఇరవై ఏళ్ళకొకసారి పక్క జాగాలో కొత్త కర్రతో అచ్చు అలాగే కట్టి, పాతదాన్ని విప్పేస్తారు. 2013లోనూ అదే చేశారు. అక్కడ కర్ర ముసలిది కాదు, వడ్రంగుల చేతుల్లోని పనితనం ముసలిది. వాళ్ళని అడిగితే ఈ గుడికి వెయ్యేళ్ళు దాటాయంటారు. మనవాళ్ళు ఏ రాతికి ఎంత వయసో లెక్క చూసి తగువు పెట్టుకుంటారు.

నంబర్లు వేయని చోట ఏమవుతుందో చూడాలంటే అమరావతి కథ వినాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టుకుంటుంటే, దిబ్బలోంచి చెక్కిన చలువరాళ్ళు బయటపడ్డాయి. కట్టుబడికి పనికొచ్చే రాయి చేతికి దొరుకుతుంటే ఎవడు వదులుతాడు? మెట్లకీ గోడలకీ పోయినవి పోగా, కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు పంపాడు. వాటిలో చాలావరకు లండన్ చేరి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన దొరలు మిగిలిన దిబ్బనీ నున్నగా తుడిచేశారు. వాళ్ళలో ఎవరినైనా నువ్వు నాశనం చేశావయ్యా అంటే ఒప్పుకునేవాడా? జమీందారు ఊరు కడుతున్నాడు, దొరలు రాళ్ళని కాపాడుతున్నారు. అందరిదీ మంచి పనే. స్తూపం మాత్రం లేదు. ఇందులో నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఆ స్తూపం ఎలా ఉండేదో మనకి ఎలా తెలిసిందంటే, ఆ స్తూపానికి తాపిన పలకల మీదే, దాన్ని చెక్కిన శిల్పులు స్తూపం బొమ్మని చెక్కి పెట్టారు. వేదిక, ఆయక స్తంభాలు, అండం, దాని చుట్టూ దండలు, పైన ఎగిరే గంధర్వులు. ముక్కలో మొత్తం ఉంది. తమ చిరునామా తామే రాసుకుని ఇల్లు వదిలిన మనుషుల్లా ఆ పలకలు మద్రాసులోనూ లండన్‌లోనూ నిలబడి ఉన్నాయి. శిల్పులకి రాబోయేది తెలుసా? తెలిసి ఉండదు. ఇంటి గోడ మీద ఇంటి బొమ్మ గీసుకునే సరదా, అంతే అయి ఉంటుంది. అయినా పురావస్తు శాఖ నంబర్ల కన్నా అది గట్టి పని చేసింది.

మా ఓరుగల్లు కోటలో ఆ అదృష్టం లేదు. అసలు ధ్వంసం అనే మాటకి పూర్తి బరువు ఉన్న చోటు అది. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడి పెట్టి, ఏనుగుల్నీ గుర్రాల్నీ ధనాన్నీ పట్టుకుపోయాడు. ఊరు మిగిలింది. 1323లో ఉలుగ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఒకసారి ఓడి తిరిగిపోయి మళ్ళీ వచ్చి పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని శాసనాలు చెబుతాయి. విధివశాన అని ఒక శాసనం, తన ఇష్టంతో అని ఇంకొక శాసనం. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. కోట నడిబొడ్డున ఉన్న స్వయంభూదేవుడి గుడి, కాకతీయుల రాజ్యానికే గుండెలాంటిది, కూలింది. కాలక్రమంలో కాదు, వానకి కాదు. గుడి పోతే రాజ్యం పోయినట్టు జనానికి తెలియాలని చేసిన పని. ఇప్పుడు పచ్చిక మధ్య ఆ ముక్కలు పేర్చి ఉంటాయి. సగం సింహాలు, తొండం లేని ఏనుగులు, నందులు, పైకప్పు పలకలు, హంసల వరసలున్న దూలాలు. కొన్ని పక్కనే ఖుష్ మహల్‌లో పెట్టారు. శుభ్రంగా, ఎత్తుల వారీగా, బాటకి ఇరుపక్కలా. ఆ వరస గుడిది కాదు, తోటమాలిది. బడిపిల్లలుగా మేము వచ్చినప్పుడు ఒక్కొక్కరం ఒక్కో సింహం ఎక్కి కూర్చున్నాం. సోషల్ సారు తిట్టలేదు. తిట్టడానికి ఆయన దగ్గర కారణం ఉండి ఉండదు. ఏ సింహం ఎక్కడిదో ఎవరికి తెలుసు గనక?

కానీ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలబడే ఉన్నాయి. పైన హంసలు, కింద వేలాడే తామరమొగ్గలు. దేవుడి బొమ్మ ఒక్కటీ లేదు. అంత కసితో గుడిని నేలకి దించినవాళ్ళు వీటిని ఎందుకు వదిలారు? అలసిపోయారా? చిన్నప్పుడు మేమనుకున్నది అదే. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారులు వేరే మాట చెబుతారు. గుడి తీసిన చోట తుగ్లక్ పాలకులు పెద్ద మసీదు కట్టారట. దానికి ఠీవైన వాకిళ్ళుగా ఉంటాయని తోరణాల్ని కావాలనే ఉంచారట. ఆ మసీదూ ఇప్పుడు లేదు. అంటే కూల్చినవాడికి కూడా ఆ రాళ్ళ అందం తెలుసు, వాటి మధ్య కొలత తెలుసు, వాడుకోవాలని తెలుసు. ఈ సంగతి నాకు మింగుడుపడటానికి చాలాకాలం పట్టింది. కళ్ళు లేనివాడు పడగొట్టాడనుకోవడం తేలిక. చూసి, మెచ్చుకుని, ఏది ఉంచాలో ఏది తీయాలో ఎంచుకుని పడగొట్టినవాణ్ణి తలుచుకోవడం కష్టం. మా మేస్త్రి కూడా దర్వాజలు ఎంచి పక్కన పెట్టాడు మరి. ఇద్దరినీ ఒక గాటన కట్టడం అన్యాయమే. ఒకడి వెనక ఇంటివాళ్ళ ఒప్పుకోలు ఉంది, ఇంకొకడి వెనక సైన్యం ఉంది. చేతిపని ఒకటే అయినా పని ఒకటి కాదు.

ఇక ఆ తోరణాల వైభవం చూడండి. గుడి ఉన్నన్నాళ్ళు అవి వాకిళ్ళు. లోపలికి పోయేవాడు తల ఎత్తి చూశాడో లేదో. గుడి పోయాక అవే సర్వం అయ్యాయి. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ ఎక్కే చోట ఒకటి లేచింది, తెలంగాణ వచ్చాక రాష్ట్ర ముద్రలో చార్మినార్‌తో కలిసి కూర్చుంది. 2024 మే నెలలో ఆ ముద్ర మారుస్తారన్న మాట రాగానే వరంగల్‌లో జనం రోడ్డెక్కారు, మార్పు వాయిదా పడింది. మా ఫంక్షన్ హాళ్ళలో థర్మాకోల్ తోరణం లేనిదే పెళ్ళి రిసెప్షన్ కాదు. స్వయంభూదేవుడి గుడే నిలిచి ఉంటే వీటిని ఎవరైనా పట్టించుకునేవాళ్ళా? ముఖ్యమైనది పోయి, దాని దారి మిగిలి, ఆ దారే మన గుర్తయింది. కూల్చినవాడు ఊహించని పని ఇది. ఇందుకు సంతోషించాలో ఏడవాలో తెలియదు. ఆ మధ్యలో ఇంకో కథ కూడా ఉంది. షితాబ్ ఖాన్ అనే పేరుతో ఓరుగల్లుని ఏలిన సీతాపతి, 1504 నాటి తన శాసనంలో, తరలిపోయిన కాకతీయుల దేవతనీ పాంచాలరాయడనే దేవుణ్ణీ తిరిగి నిలిపానని చెప్పుకున్నాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఎవరిది ఏ పీఠమో ఊళ్ళో ఎవరికో గుర్తుందన్నమాట.

కోట చుట్టూ మట్టిగోడ సంగతి వేరు. 1310 ముట్టడి గురించి రాస్తూ అమీర్ ఖుస్రో, ఈ మట్టిగోడ ఎంత గట్టిదంటే ఉక్కు బల్లెం దిగదు, విసిరిన రాయి గింజలా ఎగిరి వెనక్కి వస్తుంది అన్న ధోరణిలో పొగిడాడు. శత్రువు కవి పొగిడిన గోడ. సుమారు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంలో ఊరిని చుట్టిన ఆ కట్టని ఏ సైన్యమూ పూర్తిగా కూల్చలేదు. మనమే ఇంటికో తట్ట ఎత్తుకున్నాం. రోడ్డుకి ఒక గండి, గల్లీకి ఒక గండి, గుడిసెకి చదును చేసినంత మేర, ఇటుక బట్టీకి ఎత్తుకుపోయినంత మేర. ఫలానా రోజు ఫలానావాడు అని తేదీ వేయడానికి లేదు. దీనికి గైడులోని అయిదు మాటల్లో ఏదీ సరిపోదు. మా అమ్మమ్మ వాళ్ళ మాట ఒకటి సరిపోతుంది, కరిగిపోయిందని.

అజంజాహి మిల్లు ఇంకో రకంగా పోయింది. 1934లో ఏడో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లు. మా మేనమామ అందులో మగ్గాల ఖాతాలో పనిచేశాడు. మిల్లు సైరన్ కూస్తే మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. అది మామయ్య డ్యూటీకి కూసిన కూత, మా అన్నానికి కూసినట్టు ఉండేది. వరంగల్‌లో గడియారం లేని ఇళ్ళన్నీ దాని మీదే బతికాయి. ఆఖరికి ఈ శతాబ్దం మొదట్లో మిల్లు మూతపడింది. గోడలు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నాయి. జనం వాటిని చూపించి మిల్లు ఉందనేవాళ్ళు. కానీ సైరన్ ఆగిన రోజునే అది పోయిందని మామయ్యకి తెలుసు. పొద్దున్నే లేచి, తయారై, గుమ్మంలో కూర్చుని, పోవాల్సిన చోటు లేక మళ్ళీ లోపలికి వెళ్ళేవాడు. తర్వాత గోడలు పడ్డాయి, భూమి ప్లాట్లయింది, ఆ మైదానంలోనే కొత్త కలెక్టరేటు లేచింది. గోడలు పడ్డప్పుడు మామయ్య చూడటానికి కూడా పోలేదు. ఆయన లెక్కలో అది పాత వార్త.

సెంట్రల్ జైలుకి ఎవరు ఏడుస్తారు? 1886 నాటిది. 2021 జూన్‌లో ఖైదీల్ని వేరే జైళ్ళకి పంపి, గోడలు నేలమట్టం చేసి, 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. జైలు పోయి దవాఖాన వస్తుంటే వద్దనేవాడు ఉంటాడా? నేనూ వద్దనలేదు. కానీ ఆ ఎత్తైన గోడ లోపల నిజాం కాలం నుంచీ ఎవరెవరు గోళ్ళతో ఏమేం గీశారో, ఏ గదిలో ఎవరున్నారో ఒక్కసారి నడిచి చూసి, ఫొటో తీసి, తర్వాత కూల్చి ఉంటే ఏం పోయేది? నిజామాబాద్ పాత జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాశాడని ఇవాళ మనం గర్వంగా చెప్పుకుంటాం. జైలు గోడ అంటే అదీ. ఇక్కడ జేసీబీ వచ్చింది. ఒక్క పూట పని కాకపోయినా, కర్ర దక్కలేదు.

ఇంతసేపూ రాళ్ళ గురించీ గోడల గురించీ మాట్లాడాను గానీ, ఏ రాయీ లేకుండా కూలేవీ ఉన్నాయి. పేరిణి నాట్యం చూడండి. యుద్ధానికి పోయే ముందు మగవాళ్ళు శివుడి ముందు ఆడిన నాట్యమంటారు. కాకతీయులతో పాటే అదీ పోయింది. ఆడేవాడు పోతే నాట్యానికి శిథిలం కూడా మిగలదు. కాలు ఎక్కడ పెట్టాలో కాలికే తెలుసు, ఆ కాలు మట్టిలో కలిసింది. కానీ గణపతిదేవుడి గజసేనాని జాయప, 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అని పుస్తకం రాసి పెట్టాడు. ఏనుగుల దండుని నడిపేవాడికి నాట్యం అడుగులు లెక్కపెట్టే తీరిక, కోరిక ఎక్కడివో! 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి రాళ్ళ మీద కొన్ని భంగిమలు ఉన్నాయి. ఈ రెండూ పక్కన పెట్టుకుని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ నిలబెట్టాడు. రాతిలో ఆగిపోయిన భంగిమకి ముందు ఏ అడుగు, తర్వాత ఏ అడుగు అన్నది పుస్తకం చెప్పాలి. పుస్తకం చెప్పనిది ఒళ్ళు ఊహించాలి. ఇప్పుడు రాష్ట్రావతరణ వేడుకలనుంచి బడి వార్షికోత్సవాల దాకా పేరిణి ఆడని వేదిక లేదు. అది అప్పటి పేరిణేనా అని ముక్కు విరిచేవాళ్ళూ ఉన్నారు. అప్పటిది కాదేమో. సగం జాయపది, సగం నటరాజ రామకృష్ణది. కల్యాణమండపంలో లేతరంగు కొత్తరాళ్ళ లాగే, అతుకు తెలుస్తూనే ఉంటుంది. తెలిస్తే తప్పేముంది?

అందుకే కోటకి పోయినప్పుడల్లా నాకు ఒకే ఒక్క చిరాకు. ఆ పచ్చికలోని ప్రతి ముక్కకీ కొలత తీయొచ్చు. ఏది గడప, ఏది పైకప్పు, ఏ విరిగిన తొండం ఏ ఏనుగుదో కంప్యూటర్లో జోళ్ళు కలిపి చూడొచ్చు. ఖుష్ మహల్‌లో ఉన్నవీ, ఊళ్ళో గుళ్ళలో గోడల్లో కలిసిపోయినవీ కలిపి ఒక పట్టిక రాయొచ్చు. ఈ మాటంటే మా మిత్రులు వెంటనే, "అయితె గుడి మల్ల కట్టుమంటవా?" అని కళ్ళెగరేస్తారు. అననని చెబితే నిరాశపడతారు. మళ్ళీ లేపడం నాకు ఇష్టం లేదు. స్వయంభూదేవుడి గుడి బతికింది నూటయాభై ఏళ్ళు ఉంటుందేమో. ఆ నాలుగు తోరణాల నడుమ గుడి లేని జాగాకి ఏడువందల ఏళ్ళు నిండాయి. దాని కింద ఒక గుడీ ఒక మసీదూ ఉన్నాయి, పైన సాయంత్రాలు సౌండ్ అండ్ లైట్ షో నడుస్తుంది, పక్కన కోటలో పుట్టి పెరిగిన పిల్లలు క్రికెట్ ఆడతారు. అది అలాగే ఉండనీ. నేనడిగేది పట్టిక ఒక్కటే. దానికి సిమెంటు అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు, ఏ యూనివర్సిటీ పిల్లలో నలుగురు ఒక ఎండాకాలం సెలవులు ఖర్చుపెడితే సగం పని అయిపోతుంది.